బెల్లు కొట్టే మనిషి లేని చదువు

ఇంటర్ రెండేళ్లూ కాలేజీ హాస్టల్లో తెల్లవారుజామున ఐదింటికి బెల్లు మోగుతుంది. వార్డెన్ వరండాలో ఒక్కో తలుపూ తట్టుకుంటూ పోతాడు. ఆరింటికి స్టడీ అవర్, టిఫిను, క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, రాత్రి పది దాటాక లైట్లు ఆర్పడం. వారం వారం టెస్టు, మర్నాటికల్లా మార్కులు నోటీసు బోర్డు మీద. ఫోను వార్డెన్ బీరువాలో. ఏ రోజు ఏ చాప్టరు తియ్యాలో, ఎన్నో తేదీకి రెండో రివిజన్ అయిపోవాలో అన్నీ ప్రోగ్రామ్ షీటులో అచ్చువేసి ఉంటాయి. నెల్లూరు, ఒంగోలు పిల్లల్లో చాలామందికి ఈ బతుకు కొత్త కాదు. హాస్టల్లో పెట్టి రుద్దే ఈ పద్ధతి ముందుగా వేళ్లూనుకున్న ఊళ్లలో నెల్లూరూ ఒకటి.

డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరిన మొదటి వారమే ఆ బెల్లు ఆగిపోతుంది. పొద్దున ఎనిమిదింటి దాకా పడుకున్నా అడిగేవాళ్లుండరు. సాయంత్రం నాలుగున్నరకు కాలేజీ వదిలితే మర్నాడు తొమ్మిదిన్నర వరకు పదిహేడు గంటలు చేతిలో ఉంటాయి. వాటిని ఏం చేసుకోవాలో అంతకుముందు ఎవరూ నేర్పలేదు. ఇంటర్‌లో వెయ్యికి 950 తెచ్చుకున్న కుర్రాడికి మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోతే ఇంట్లోవాళ్లు "వీడికి గాలి తగిలింది" అంటారు. లెక్చరర్లు "బేసిక్స్ లేవు" అంటారు. అసలు సంగతి అంతకన్నా మామూలుది. రెండేళ్లపాటు అతని రోజును వేరేవాళ్లు నడిపారు. ఇప్పుడు ఆ పని అతని మీద పడింది, అది అతనికి రాదు. తెలివి అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

రాని పని నేర్చుకోవచ్చు. ఈత లాగా, సైకిలు లాగా అదీ ఒక పనితనమే. కాకపోతే దాన్ని "క్రమశిక్షణ" అనే ఒక్క పెద్ద మాటతో చెప్పేస్తే పిల్లల చేతికి ఏమీ అందదు. ఆ మాటలో నిజంగా ఏమేం ఉన్నాయో విడదీసి చూడాలి.

ముందు హాజరు లెక్క. బీటెక్ పరీక్షలు పెట్టే జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే తగిన కారణం చూపి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెయిన్, ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే. ఈ సంగతి అందరికీ తెలుసు. "పాతిక శాతం మానెయ్యొచ్చు" అని కూడా అందరూ అనుకుంటారు. ఆ పాతిక శాతం ఎలా కరిగిపోతుందో మాత్రం పొదిలి నుంచో కనిగిరి నుంచో రోజూ ఒంగోలు వచ్చిపోయే కుర్రాణ్ని చూస్తే తెలుస్తుంది.

సెమిస్టర్‌కు 90 పనిదినాలు, రోజుకు ఏడు పీరియడ్లు అనుకుందాం. మొత్తం 630 పీరియడ్లు. 75 శాతం అంటే 473. వేళకు వచ్చే పిల్లవాడు 22 రోజులు మానేసినా దాటేస్తాడు. బస్సు ఆలస్యమని రోజూ మొదటి పీరియడ్ పోగొట్టుకునే పిల్లవాడికి వచ్చిన రోజున పడేది ఆరు పీరియడ్లే. 473 కావాలంటే అతను 79 రోజులు రావాలి. అంటే మానడానికి మిగిలింది 11 రోజులు. అక్క పెళ్లికి నాలుగు రోజులు, జ్వరానికి ఓ వారం పోతే ఖాతా ఖాళీ. ఆపైన ఒక్క రోజు పోయినా, కాలేజీ ఎగ్గొట్టి సినిమాకు పోయినవాడూ ఇతనూ ఒకే కండోనేషన్ లిస్టులో కనిపిస్తారు. ఇతను తప్పేమీ చేయలేదు, ఒక బస్సు ముందుది పట్టుకోలేదంతే.

ఇలాంటి లెక్క సెమిస్టర్ మొదట్లో ఒక్కసారి కాగితం మీద వేసుకోవడమే కాలేజీ నేర్పని మొదటి పనితనం. క్యాలెండర్ చూడటం అన్నమాట. యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్‌లో సెమిస్టర్ ఎప్పుడు మొదలు, మొదటి మిడ్ (కాలేజీలోనే పెట్టే పరీక్ష) ఎప్పుడు, రెండో మిడ్ ఎప్పుడు, ల్యాబ్ పరీక్షలు ఎప్పుడు అన్నీ ముందే ఉంటాయి. పదహారు వారాల కాగితం అది. చాలామంది దాన్ని పరీక్ష ఫీజు కట్టే రోజున మొదటిసారి చూస్తారు. ఊరి నుంచి ఫోను వస్తుంది.

"ఏం అబ్బయ్యా, పరీక్షలెప్పుడు?"

"ఇంకా టైముంది నాయనా."

ఆ జవాబు చెప్పే రోజున పిల్లవాడికి తేదీ తెలియదు. తండ్రికి సెమిస్టర్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు, కానీ ఆయన అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే.

రెండో లెక్క ఇంటర్నల్స్‌ది. బీటెక్‌లో థియరీ సబ్జెక్టుకు 30 మార్కులు ఇంటర్నల్, అంటే మిడ్ పరీక్షలవి; 70 ఎక్స్‌టర్నల్, అంటే సెమిస్టర్ చివరి పరీక్షవి. రెండు మిడ్ పరీక్షల్లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం విలువ కట్టి కలుపుతారు. మొదటి మిడ్‌లో 18, రెండోదాంట్లో 26 వచ్చాయనుకోండి. 26లో 80 శాతం 20.8, 18లో 20 శాతం 3.6, మొత్తం 24.4. ఈ పద్ధతిలో ఒక మంచి గుణం దాగుంది. మొదటి మిడ్ పాడైనా పెద్ద నష్టం లేదు. అది చవకగా దొరికే హెచ్చరిక. ఎక్కడ చిల్లు ఉందో చూపించి, పూడ్చుకోవడానికి ఏడెనిమిది వారాలు ఇస్తుంది. కానీ మొదటి మిడ్‌లో తక్కువొస్తే పిల్లలు చేసేది రెండే. "మిడ్సే కదా, సెమ్‌లో చూసుకుందాం" అని పక్కన పడేయడం, లేదంటే టెన్షన్ పడి ఆ పేపరు ముఖమే చూడకపోవడం. దిద్దిన జవాబు పత్రం చేతికిస్తే మార్కు చూసి మడిచేస్తారు. ఎక్కడెక్కడ మార్కు పోయిందో చూసేవాళ్లు బెంచీకి ఒకరు కూడా ఉండరు. ఇంటర్‌లో ఆ పని "ఎర్రర్ లిస్టు" పేరుతో బలవంతాన చేయించేవాళ్లు. నిజానికి ఆ హాస్టల్ చదువులో వెంట తెచ్చుకోదగిన మంచి అలవాటు అదొక్కటే, బయటికి రాగానే మొదట వదిలేసేదీ దాన్నే.

పాసు కావడానికైతే ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్ తేడా అక్కడ పెద్దగా తెలియదు. మొత్తం 70 రావాలనుకుంటేనే తెలుస్తుంది. ఇంటర్నల్ 28 ఉన్నవాడికి సెమ్‌లో 42 చాలు, 15 ఉన్నవాడికి 55 కావాలి. ఆ 13 మార్కుల బరువు మోసేది పరీక్ష ముందు రాత్రే.

ఆ రాత్రి సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. నైటౌట్లు, జిరాక్స్ షాపులో దొరికే ఇంపార్టెంట్ కొశ్చన్లు, ఆల్ ఇన్ వన్ గైడులో పసుపు రంగు పూసిన లైన్లు. ఐదు యూనిట్లు, యూనిట్‌కు ఇదిగానీ అదిగానీ రాయమనే ప్రశ్నలు. మూడు యూనిట్లు బట్టీ కొడితే గట్టెక్కుతామన్న లెక్క. ఇది కొన్నిసార్లు పని చేస్తుంది కాబట్టే ఇంకా బతికి ఉంది. కానీ మూడో సెమిస్టర్ పాఠం మొదటి సెమిస్టర్ మీద నిలబడుతుంది. రాత్రికి రాత్రి ఎక్కించింది వారం తిరిగేసరికి ఉండదు.

ఎందుకుండదో పరిశోధకులు కొలిచి చూపించారు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న పాఠంతో ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు దాన్ని నాలుగు దఫాలు చదివారు. ఇంకొందరు ఒక దఫా చదివి, మిగతా మూడు దఫాలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత అదే పరీక్ష పెడితే అంతా తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, చూడకుండా రాసినవాళ్లకు 61 మిగిలింది.

ఇందులో పిల్లలను మోసం చేసేది ఆ మొదటి ఐదు నిమిషాలే. పేజీ మళ్లీ చదువుతుంటే "ఇది నాకు వచ్చు" అనిపిస్తుంది. తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టడం వేరు, ఆ మనిషి పేరు పిలవడం వేరు. పరీక్షలో పేరు పిలవాలి. పుస్తకం మూసి గుర్తు చేసుకునేటప్పుడు కష్టంగా ఉంటుంది, సగం రాదు, సిగ్గుగా ఉంటుంది, అందుకే ఎవరూ ఆ పని చేయరు. ఆ కష్టంలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

దీనికి ప్రత్యేకంగా టేబులూ లైటూ అక్కర్లేదు. నెల్లూరులో చదివే ఆత్మకూరు అమ్మాయికి రోజూ సాయంత్రం బస్సులో చాలాసేపు గడుస్తుంది. కుదుపుల్లో పుస్తకం చదివితే కళ్లు తిరుగుతాయి, పైగా నిలబడే పోవాల్సిన రోజులే ఎక్కువ. గుర్తు చేసుకోవడానికి మాత్రం సీటు కూడా అవసరం లేదు. బస్సు పెన్న వంతెన దాటేటప్పుడు ఆ రోజు మొదటి క్లాసు తలుచుకుంటుంది. ఫిజిక్స్ సారు చెప్పింది ఏమిటి? ఒక నిర్వచనం, ఒక గ్రాఫు, ఒక లెక్క. నిర్వచనం వచ్చింది. గ్రాఫు ఆకారం గుర్తుంది, కానీ అడ్డంగా ఏం తీసుకున్నారు, నిలువుగా ఏం తీసుకున్నారు? రాలేదు. సరే, అక్కడ ఒక గుర్తు పెట్టుకుంటుంది. బుచ్చిరెడ్డిపాళెం వచ్చేసరికి రెండో సబ్జెక్టు. సంగం దాటేసరికి మూడోది. ఇల్లు చేరి కాళ్లు కడుక్కుని నోట్సు తీస్తే చూడాల్సింది మూడు చోట్లే, పదిహేను నిమిషాల పని. మర్నాడు సారును అడగాల్సిన డౌటు కూడా ఆ బస్సులోనే తయారైంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న పక్కసీటు అమ్మాయి ఆ రాత్రి తొమ్మిదింటికి పుస్తకాల ముందు కూర్చుని "ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి" అనుకుంటుంది.

ఇక ఇంగ్లిష్. 2021–22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియమే. అప్పటిదాకా తెలుగులో చదివి, తెలుగులోనే ఆలోచించే పిల్లలు ఉదయగిరి నుంచీ దర్శి నుంచీ వచ్చి ఆ పుస్తకాల ముందు కూర్చుంటారు. వాళ్లకు చెప్పే సలహా ఎక్కువగా "ఇంగ్లిష్ పేపరు చదవండి, స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరండి" అన్నదే. మంచిదే, కానీ రేపటి ఎకనామిక్స్ క్లాసుకు అది పనికిరాదు. పాఠం అర్థం కావడానికి భాష పూర్తిగా వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఒక పేరా తీసుకుందాం. "ఆపర్చునిటీ కాస్ట్" అనే మాట వస్తుంది, తెలుగులో అవకాశ వ్యయం. పుస్తకంలో నిర్వచనం రెండున్నర లైన్లు. బట్టీ కొట్టేవాడు ఆ రెండున్నర లైన్లూ కామాలతో సహా కొడతాడు, మధ్యలో ఒక్క మాట జారితే మొత్తం ఆగిపోతుంది. ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చిన కుర్రాడికైతే ఆ సంగతి పుట్టినప్పటినుంచీ తెలుసు, ఆ పేరు ఒక్కటే తెలియదు. ఇంట్లో ఎకరం ఉంది. వరి వేయాలా, రొయ్యల చెరువుకు కౌలుకు ఇవ్వాలా? వరి వేస్తే కౌలు డబ్బు పోయింది. కౌలుకు ఇస్తే తినే బియ్యం పోయాయి, పైగా ఆ నేల మళ్లీ వరికి వస్తుందో రాదో. ఏది ఎంచుకున్నా వదులుకున్నది ఒకటి ఉంటుంది. ఆ వదులుకున్నదాని విలువే అవకాశ వ్యయం. తాత ఈ మాట వినకుండానే ఆ లెక్క వేస్తాడు.

ఇప్పుడు ఆ కుర్రాడు పుస్తకం మూసి, తనకు తెలిసిన చిన్న చిన్న ఇంగ్లిష్ మాటలతో రెండు వాక్యాలు రాయాలి. మొదటిది తన ఎకరం గురించి, రెండోది పుస్తకంలోని మాటతో. వ్యాకరణం తప్పు పోతే పోనీ. తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకుంటాడు. తెలుగులో అర్థం చేసుకోవడం, ఇంగ్లిష్‌లో రాయడం, ఈ రెంటి మధ్య ఒక సొంత ఉదాహరణ వంతెన. రోజుకు ఒక్క పేరా ఇలా చేసినా సెమిస్టర్ చివరికి ఒక సబ్జెక్టు మాటలన్నీ సొంతమవుతాయి. నోట్సు పక్కన మార్జిన్‌లో తెలుగు మాట రాసుకుంటే నామోషీ అనుకునేవాళ్లున్నారు. పరీక్షలో సున్నా కన్నా ఆ నామోషీ మేలు.

అలవాటు ఎన్ని రోజులకు కుదురుతుంది? ఇరవై ఒక్క రోజులని ఎక్కడపడితే అక్కడ వినిపిస్తుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లో కుదిరితే, కొందరికి 254 పట్టేలా ఉంది. పదహారు వారాల సెమిస్టర్ అంటే 112 రోజులు. మొదటి వారంలో మొదలుపెడితే రెండో మిడ్ నాటికి అది ఒంటికి పట్టినట్టవుతుంది. మొదటి మిడ్ అయ్యాక మొదలుపెడితే సెమ్ పరీక్షల దాకా మెడపట్టి తోసుకోవాల్సిందే. అదే అధ్యయనంలో ఇంకో మాట ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టం లేదు. మనవాళ్లకు ఈ రెండో మాట ఎక్కువ అవసరం. సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులు పుస్తకం ముట్టని పిల్లవాడు "అయిపోయింది, చెడిపోయింది" అని మిగతా నెలంతా వదిలేస్తాడు. నాలుగు రోజుల పాపం నెలకు పాకుతుంది.

కొత్త అలవాటును పాతదాని తోకకు కట్టాలి. "రోజూ రెండు గంటలు చదువుతాను" అన్నది కోరిక. "రాత్రి మెస్‌లో ప్లేటు కడిగి గదికి రాగానే, మంచం మీద వాలకముందు, ఆ రోజు ల్యాబ్ రికార్డు రాస్తాను" అన్నది పని. ప్లేటు కడగడం ఎలాగూ మరిచిపోరు కదా.

ఫోను గురించి చెప్పాల్సింది తక్కువే. ఇంటర్‌లోలా దాన్ని బీరువాలో పెట్టే మనిషి లేడు, పెట్టినా కుదరదు. సెలవు ప్రకటనా, అసైన్‌మెంట్ తేదీ, స్కాలర్‌షిప్ నోటీసూ అన్నీ క్లాసు వాట్సాప్ గ్రూపులోనే వస్తాయి. చార్జింగ్ ప్లగ్గు మంచానికి దూరంగా ఉన్న గది దొరికితే సగం సమస్య తీరినట్టే. నిద్ర గురించి ఇంకా తక్కువ: పగలు చదివింది తలలో కుదురుకోవడానికి నిద్ర కావాలి. వేసవి పరీక్షలప్పుడు మధ్యాహ్నం ఒంగోలు ఎండకు గదిలో ఫ్యాను కూడా వేడిగాలే విసురుతుంది. ఆ నెలల్లో తెల్లవారుజామున రెండు గంటలు చదివినదే చదువు. పాత బెల్లు వేళే, కాకపోతే లేచేది తన ఇష్టంతో.

అన్నిటికన్నా కష్టమైన పని అడగడం. నోరు తెరిచి అడిగే పిల్లలు మన క్లాసుల్లో తక్కువ. "ఏమనుకుంటారో" అన్న మొహమాటం ఒకటి, "ఇంత చిన్నది కూడా తెలియదా" అంటారన్న భయం ఒకటి. కొందరు లెక్చరర్లు నిజంగానే అలా అంటారు, ఆ తప్పు పిల్లలది కాదు. అయినా అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. "సార్, యూనిట్ మొత్తం అర్థం కాలేదు" అంటే ఏ సారుకైనా విసుగే, ఎక్కడి నుంచి మొదలుపెడతాడు? నోట్సు తెరిచి, "సార్, ఇక్కడిదాకా చేశాను, ఈ లైన్లో మైనస్ ఎలా వచ్చిందో తెలియలేదు" అని వేలు పెట్టి చూపిస్తే రెండు నిమిషాల్లో పని అవుతుంది. పైగా ఆ సారుకు ఆ ముఖం గుర్తుంటుంది. చాలా కాలేజీల్లో కొంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుణ్ని మెంటర్‌గా వేస్తారు. రిజిస్టరులో సంతకాలకే పరిమితమైన చోట్ల కూడా, ఆ మెంటర్ దగ్గరికి నెలకోసారి తనంతట తాను వెళ్లే పిల్లవాడిని పొమ్మనేవాళ్లు అరుదు.

ఒంగోలు వైపు ఇది కొత్త పాఠమేమీ కాదు. టంగుటూరి ప్రకాశం చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఆ కుర్రాడిలో చురుకు చూసి వెంట రాజమండ్రి తీసుకుపోయి చదువు చెప్పించింది ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు. తర్వాత ప్రకాశం బారిస్టరు కావడం, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి కావడం అందరికీ తెలిసిందే. ఇంట్లో చదువు దారి తెలిసినవాళ్లు లేనప్పుడు బయట అలాంటి ఒక్క పెద్దమనిషి కావాలి. ఆనాడు ఆ ఉపాధ్యాయుడే వెతుక్కుంటూ వచ్చాడు. అరవై మంది కూర్చునే నేటి క్లాసులో అలా రారు, పిల్లవాడే వెళ్లాలి.

డిగ్రీ పిల్లలకు మరో అవకాశం ఉంది, దాన్ని దాదాపు అందరూ దండగ చేసుకుంటున్నారు. 2020–21లో వచ్చిన సిలబస్‌లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు, 180 గంటలు. ఊళ్లోకి వెళ్లి, జనంతో మాట్లాడి, సర్వే చేసి, రిపోర్టు రాయాలి. చేసేదేమిటంటే సీనియర్ రిపోర్టులో పేరూ ఊరూ మార్చి స్పైరల్ బైండింగ్ చేయించడం. చీమకుర్తి క్వారీల్లో బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల పిల్లలు ఏ బడికి పోతున్నారు? టంగుటూరు చుట్టుపక్కల పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు ఒక సీజన్లో ఎంత కట్టె కాలుతుంది? పది ఇళ్లు తిరిగి అడిగితే, తెలియని మనిషితో మాట కలపడం, చెప్పింది అక్కడికక్కడే రాసుకోవడం, పది మంది చెప్పినదాంట్లోంచి ఒక పేజీ తీయడం వస్తాయి. ఇంటర్వ్యూలో "టెల్ మీ ఎబౌట్ యువర్ ప్రాజెక్ట్" అన్నప్పుడు నోరు పెగిలేది అలాంటివాళ్లకే.

సబ్జెక్టు పోతే? పోయిన సబ్జెక్టును ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం అసలు ప్రమాదం. ఫలితాలు వచ్చాక రీవాల్యుయేషన్‌కు గడువు కొద్ది రోజులే. సప్లీ (తప్పిన సబ్జెక్టు మళ్లీ రాసే పరీక్ష) నోటిఫికేషన్, ఫీజు ఆఖరు తేదీ చూసుకోకపోతే ఆ అవకాశం కూడా పోతుంది. బీటెక్‌లో పోయిన క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) హద్దు దాటితే పై ఏడాదికి పోనివ్వరు. రెండు పాతవి, ఆరు కొత్తవి కలిపి ఒకే నెలలో రాయాల్సి వస్తే పాతవాటికే ముందు వేళ కేటాయించాలి. పిల్లలు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తారు. పాత సబ్జెక్టు పేరు తలుచుకుంటేనే కడుపులో తిప్పుతుంది కాబట్టి దాన్ని చివరికి నెడతారు, చివర్లో వేళ ఉండదు. అది ఎలా దాటాలో లెక్చరర్ కన్నా కిందటేడు అదే సబ్జెక్టు తప్పి, ఆరు నెలల తర్వాత దాటిన సీనియర్ బాగా చెబుతాడు. ఏ యూనిట్ దగ్గర బోల్తాపడ్డాడో అతనికి గుర్తుంటుంది. టాపర్‌కు గుర్తుండదు, అతను అక్కడ పడలేదు కనుక.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో ఇలాంటిదే ఒక పద్ధతి ఉంది. మొహర్రం నెలలో వచ్చే ఆ పండుగ 2024లో, 2025లో జూలైలో పడింది. కొత్త బ్యాచీలు కాలేజీల్లో చేరే రోజులవి. మోకాటి లోతు నీళ్లలో నిలబడి జనం కేకలేస్తారు: ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె, చదువు రొట్టె. ఎవరి కోరిక ఏదో ఆ రొట్టె అడుగుతారు. ఇచ్చేవాళ్లు ఊరికే వచ్చినవాళ్లు కారు, అంతకుముందు అదే కోరికతో అదే రొట్టె తీసుకుని, అది తీరాక తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్లు. చదువు రొట్టె అందుకుని గట్టు ఎక్కిన ఫస్టియర్ కుర్రాడు ఆ ఇచ్చినాయన్ని ఆపి "అన్నా, ఏ కాలేజీ? మొదటి మిడ్‌కు ఎట్లా చదివావు?" అని అడిగితే, చెరువు గట్టున టీ తాగుతూ అరగంట చెబుతాడు.